ఊడ్చే వేళ

ఒక నగరంలో ఒక మనిషి తన ఇంటి ముందుగదిలో చేపలను పెంచేవాడు.

అవి హరివిల్లు చేపలు. ఆ పేరు విని వచ్చినవారు గాజుతొట్టెలోకి తొంగిచూసి నిరాశపడేవారు. పగటివేళ అవి బూడిదరంగులో, చూపుడువేలంత పొడవున, ఏ కాలువలోనైనా కనబడే చేపల్లాగే ఉండేవి. చేపలమనిషి అందుకు నొచ్చుకునేవాడు కాడు, సంజాయిషీ చెప్పేవాడూ కాడు. "పొద్దున రండి" అని మాత్రం అనేవాడు. పొద్దున వచ్చేవారు అరుదు.

ఆ గదికి తూర్పున ఒక కిటికీ ఉండేది. సూర్యుడి మొదటి వెలుగు ఆ కిటికీలోంచి ఏటవాలుగా తొట్టె మీద పడగానే మగచేపలు ఎదురెదురుగా నిలిచి రెక్కలు విప్పేవి. నుదుటి నుంచి వీపు దాకా ఒక పసుపు గీత వెలిగి ఆరి మళ్ళీ వెలిగేది. పక్కలలో నీలం పొంగేది. ఆ నీలం కింద దానిమ్మగింజ ఎరుపు. అది పోట్లాట కాదు. ఒకదాన్నొకటి తాకేవి కావు. ఎవరి వెలుగెంతో ఎదుటివారికి చూపడమే వాటి పని. అదంతా ఒక పావుగంట. ఆ పావుగంటలోనే ఆడచేపలు గుడ్లు పెట్టేవి. ఆ తర్వాత తొట్టె నిండా మళ్ళీ బూడిద.

గుడ్లు పెట్టడానికి తొట్టెలో ఒక నూలుకుచ్చు వేలాడుతుండేది. చేపలమనిషి భార్య పాత ఆకుపచ్చ నూలును జానెడేసి పోగులుగా కత్తిరించి, నడుమ బిగించి కట్టి, నీటిపై తేలే బెండుముక్కకు తగిలించింది. చేపలు దానిని నీటినాచు అనుకునేవి. పావుగంట ముగిశాక చేపలమనిషి ఆ కుచ్చును పైకి తీసి, నీరు పిండి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఒక్కొక్క పోగునూ విడదీసేవాడు. గుడ్డు ఆవగింజలో సగం ఉండేది. దానికి రంగు లేదు. నూలుపోగుకు అంటుకున్న నీటిబొట్టులా ఉండేది. తెలిసిన కన్నుకు తప్ప కనబడేది కాదు.

పెళ్ళయిన కొత్తలో అతడు భార్యకు ఆ పని నేర్పాడు. ఆమె భయపడుతూ వేళ్ళు సున్నితంగా ఆనించింది. గట్టిగానే పట్టుకోమన్నాడు.

"మంచి గుడ్డు వేళ్ళ మధ్య నలగదు. నలిగిందంటే అది ముందే చెడిందని అర్థం."

"మీ అమ్మగారు కోడలిని ఎంచిన పద్ధతి కూడా ఇదేననుకుంటాను" అన్నది ఆమె.

ఏరిన గుడ్లను వేరే పాత్రలో వేసేవారు. వేయకపోతే పెట్టిన చేపలే సాయంత్రానికల్లా వాటిని తినేసేవి. పది రోజులకు పిల్లలు బయటికి వచ్చేవి. కనురెప్ప వెంట్రుకలో ముక్కంత ఉండి, నీటి పైపొరను అంటిపెట్టుకుని కదిలేవి. వాటి నోటికి పట్టే తిండి ఈ లోకంలో ఒకటే ఉంది. ఆకులు నానవేసి ఎండలో ఉంచిన కుండలో నీరు పచ్చబడి, కంటికి ఆనని జీవాలతో నిండుతుంది. ఆ నీటిని చెంచాతో పోసేవారు. ఆ పాచికుండ కంపు వీధి చివరిదాకా వచ్చేది. ఇరుగుపొరుగువారు ముక్కు మూసుకుని నడిచేవారు, అలవాటుపడ్డారు.

పిల్లలకు ఏడాది నిండేదాకా రంగు రాదు. ఆ ఏడాది పొడుగునా వాటికి తిండి పెట్టాలి, నీళ్ళు మార్చాలి, ఎదురుచూడాలి. చేపలమనిషి ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు.

చేయడానికి కారణం ఉంది. ఆ చేపలు పుట్టిన సరస్సు ఇప్పుడు లేదు. రాజు పట్టాభిషేకమైన ఏడాదే దానిని పూడ్పించి కవాతు మైదానం చేశాడు. మట్టిబండ్లు వస్తున్న ఉదయం చేపలమనిషి ఒక ఇత్తడి బిందెతో వెళ్ళి, మోకాలి లోతు బురదలో దిగి, పద్నాలుగు చేపలను పట్టి తెచ్చుకున్నాడు. మిగిలినవి మట్టికింద ఉన్నాయి. వాటిమీద సైనికులు కవాతు చేస్తున్నారు. ఆ ముందుగదిలో ఉన్నవే ఆ జాతి మొత్తం. అవి పోతే హరివిల్లు చేప అన్నది ఒక మాటగా మాత్రమే మిగులుతుంది.

ఒకసారి పొరుగుదేశపు రాయబారి ఆ నగరానికి వచ్చాడు. ఆయనకు ఉదయం నడిచే అలవాటు ఉంది. ఆ వీధిన నడుస్తూ, తెరచి ఉన్న కిటికీలోంచి ఆ పావుగంటను చూశాడు. సాయంత్రం సభలో రాజుతో, మా రాజుగారి దగ్గర లేనిది మీ నగరంలో ఒకటి చూశానని చెప్పాడు. అదేమిటో రాజుకు తెలియదు. తెలియదన్న సంగతి సభకు తెలిసిపోయింది.

మరునాడు చేపలమనిషిని పిలిపించారు.

రాజు మర్యాదగానే మాట్లాడాడు. ఇటువంటి చేపలు ఒక ఇరుకు సందులో ఉండడం రాజ్యానికి అవమానమన్నాడు. అతనిని మత్స్యశాలకు అధ్యక్షునిగా నియమిస్తున్నానని చెప్పి, సభలోనే ఒక ఎర్రని పట్టుకండువా కప్పించాడు. చేపలమనిషి చేతులు కట్టుకుని రెండు మాటలు విన్నవించుకున్నాడు. ఈ చేపలకు ఉదయపు ఎండ కావాలి. ఉదయమే వాటి వేళ.

"సభ సాయంత్రం కూడుతుంది. చేపలు సభకు హాజరు కావాలి" అన్నాడు రాజు.

చేపలమనిషి ఒప్పుకున్నాడు. ఈ కథలో అతని తప్పు ఇదొక్కటే. అది చిన్న తప్పు కాదు. చేపలను కళ్ళారా చూస్తే, సరస్సును పూడ్చిన చెయ్యి ఇంకొక సరస్సును తవ్విస్తుందని అతడు ఆశపడ్డాడు. కళ్ళారా చూస్తే అధికారం మారుతుందని నమ్మినవారి జాబితా చాలా పొడవు. అందులో అతడు చివరివాడు కాడు.

అతడు కండువాతో ఇంటికి వచ్చాడు. భార్య గడపలో నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది.

"చేపలకు రంగు రావడానికి ఏడాది పడుతుంది. మీకు ఒక్కపూటలోనే వచ్చింది" అన్నది.

అతడు పదకొండు పెద్ద చేపలనూ సభకు తరలించాడు. అలవాటు చొప్పున నూలుకుచ్చును కూడా పట్టుకెళ్ళాడు. పిల్లచేపలు నలభై, ఇంకా రంగు రానివి, ఇంట్లోనే ఉన్నాయి.

సభామందిరం పడమటి ముఖంగా కట్టినది. తూర్పు గోడకు ఒకే ఒక చిన్న వాకిలి ఉంది. ఊడ్చే మనిషి చీపురుతో వచ్చిపోవడానికి వదిలిన వాకిలి అది. మిగిలిన వేళల్లో దానికి తెర వేసి ఉంటుంది. కొత్త గాజుతొట్టె పల్లకీ అంత పెద్దది. సింహాసనానికి కుడివైపు, ఆ చిన్న వాకిలికి ఎదురుగా పెట్టించారు. ఎదురుగా పడడం ఎవరి ఉద్దేశమూ కాదు.

చేపలను వదులుతూ చేపలమనిషి వంగినప్పుడు కండువా కొస నీళ్ళలో మునిగింది. అందులోంచి ఎర్రరంగు పొగలా దిగింది. చేపలన్నీ ఒక మూలకు చేరి నిలబడిపోయాయి. అతడు కండువాను పిండి, తడికొసను నడుములో దోపుకున్నాడు.

ఆ సాయంత్రం నూరు దీపాలు వెలిగించారు. రాయబారి ముందువరుసలో కూర్చున్నాడు. చేపలు బూడిదరంగులో, తలలు ఒకేవైపు తిప్పుకుని, కదలక నిలబడ్డాయి. ఎంతసేపు చూసినా అంతే. ఇవి సంతాపసభకు వచ్చినట్టున్నాయని మంత్రి అన్నాడు. సభ నవ్వింది. రాయబారి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. రేపు చూద్దామన్నాడు రాజు.

రెండో సాయంత్రం కూడా అంతే. మూడో సాయంత్రం రాజు నవ్వలేదు. చేపలమనిషి అసలైన రంగుచేపలను ఇంట్లో దాచి, పనికిరానివి సభకు తెచ్చాడని మంత్రి తేల్చాడు. సైనికులు ఆ ఇంటికి వెళ్ళారు. నలభై పిల్లచేపలనూ బిందెల్లో పోసుకున్నారు. గాజుతొట్టెలను బండికెత్తారు. మూలనున్న పాచికుండ మూత తీసి ఒక సైనికుడు వెనక్కి దూకాడు.

"ఇదేమిటమ్మా, తాగుతారా?"

"మేం తాగం నాయనా. ఇంటికి వచ్చినవాళ్ళకు పోస్తాం" అన్నది చేపలమనిషి భార్య.

వాళ్ళు ఆ కుండను ముట్టుకోలేదు.

నాలుగో ఉదయం చేపలమనిషి తెల్లవారుతుండగానే సభామందిరానికి వెళ్ళాడు. తన చేపల్లో ఎన్ని బతికి ఉన్నాయో చూసుకుందామని వెళ్ళాడు. పెద్దద్వారం దాటేసరికి ఎదుటి గోడలో చిన్న వాకిలి తెరిచి ఉంది. అందులోంచి సూర్యుడు నేరుగా లోపలికి వస్తున్నాడు. తొట్టె మండుతోంది. నీలం, ఎరుపు, నుదుట పసుపు. పదకొండు చేపలూ ఖాళీ సింహాసనం పక్కన తమ పని తాము చేసుకుంటున్నాయి. ఆడచేపలు నూలుకుచ్చులోకి దూరి వస్తున్నాయి.

వాకిలి పక్కన ఒక నడివయసు మనిషి చీపురు మీద బరువు మోపి నిలబడి చూస్తోంది. ఆమె ఆ సభను ఊడ్చే మనిషి.

"రోజూ ఇంతేనయ్యా. నేను తలుపు తియ్యగానే మొదలెడతాయి. నేను మెట్లదాకా ఊడ్చుకుని వచ్చేసరికి అయిపోతుంది" అన్నది.

మూడు రోజులుగా చూస్తూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అతడు అడిగాడు.

"అడిగినవాళ్ళెవరు?"

అతడు నేల మీద కూర్చుండిపోయాడు. వెలుగు జరిగి, చేపలు బూడిద అయ్యేదాకా లేవలేదు. తర్వాత లేచి నూలుకుచ్చును పైకి తీసి వెలుగుకు పట్టి చూశాడు. పోగుపోగుకూ నీటిబొట్లు ఉన్నాయి. అన్ని గుడ్లు అతడు ఈ మధ్యకాలంలో చూడలేదు. వాటిని ఏరడానికి అప్పుడు వ్యవధి లేదు. ముందు రాజుకు చెప్పాలి. రాజు ఒక్క ఉదయం వచ్చి చూస్తే చాలు. అతడు కుచ్చును మంచినీళ్ళున్న బాల్చీలో ముంచి పెట్టి, కాస్త చూస్తూ ఉండమ్మా, వస్తానన్నాడు.

"అది నేను నేల కడిగే బాల్చీ. సరేలెండి. మీరు వచ్చేదాకా నేల మురికిగానే ఉంటుంది, ఎవరూ చచ్చిపోరు" అన్నది ఊడ్చే మనిషి.

దర్శనానికి మధ్యాహ్నం దాకా నిలబడవలసి వచ్చింది. చేపలమనిషి ముఖంలో అంతటి సంతోషాన్ని ద్వారం దగ్గరివారు అంతకుముందు చూసి ఉండరు. లోపలికి వెళ్ళగానే, చేపలు రంగు చూపాయని, రోజూ చూపుతూనే ఉన్నాయని, ప్రభువు రేపు ఒక్క పావుగంట దయచేస్తే చాలని విన్నవించాడు.

"ఏ వేళకు?"

"వెనుక వాకిలి తెరిచే వేళకు, ప్రభూ. ఊడ్చే వేళకు."

రాజు ఆసనంలో ముందుకు వంగాడు.

"నేను ఊడ్చే వేళకు రావాలా?"

"అవి ఆ వేళకే వస్తాయి, ప్రభూ."

"ఇన్నాళ్ళూ వాటిని చూసినదెవరు?"

చేపలమనిషి అబద్ధమాడడం నేర్చుకోలేదు. ఊడ్చే మనిషి చూసిందని చెప్పాడు.

ఆ గదిలో మంత్రి ఉన్నాడు. శాస్త్రాలు చదివినవారు నలుగురున్నారు. సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడో వాళ్ళందరికీ తెలుసు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కరైనా నోరు తెరిచి, ప్రభూ, ఒక్క ఉదయమే కదా, అని ఉండవచ్చు. ఎవరూ అనలేదు. ఒకాయన పైకప్పు చెక్కడాలను పరిశీలించాడు. ఇంకొకాయన గొంతు సవరించుకున్నాడు, సవరించుకున్న గొంతుతో ఏమీ మాట్లాడలేదు.

రాజు రెండు ఆజ్ఞలు ఇచ్చాడు. తూర్పు వాకిలికి ఇటుకలు పేర్చి గోడ కట్టాలి. రంగులవాణ్ణి పిలవాలి.

రంగులవాడు రాజోద్యోగుల తలపాగాలకు రంగులు అద్దేవాడు. ఆ ఎర్రకండువా కూడా అతని చేతిపనే. చేపలను చూసి అతడు వెనకాడాడు. తాను బట్టకు వేస్తానుగాని బతికున్నదానికి వేయలేదని గొణిగాడు. చేప కూడా బట్ట వంటిదే, తడిగా ఉంటుంది, అంతే తేడా అని మంత్రి నచ్చజెప్పాడు. రంగులవాడు నచ్చినట్టు తల ఊపాడు. ఆ పూట అలా ఊగిన తలల్లో అతనిది ఆఖరుది.

ఇక జరిగింది చెప్పాలి. చెప్పకుండా దాటవేస్తే ఆ గదిలో గొంతు సవరించుకున్నవారికీ మనకూ తేడా ఉండదు. చేపలను ఒక్కొక్కటిగా నీటిలోంచి తీసి తడిగుడ్డ మీద పరిచారు. రంగులవాడు సన్నని సూదితో వాటి చర్మం కింద రంగు ఎక్కించాడు. ఒకదానికి ఎరుపు, ఒకదానికి పచ్చ, ఒకదానికి ఊదా. ఒక్కొక్క చేపకు ఆరేడు పోట్లు. పిల్లచేపలు సూది కన్నా ఎంతో పెద్దవి కావు. వాటికి పోటు వేయడానికి చోటు చాలలేదు. రంగు రానివి, రంగు పట్టనివి ఎందుకని మంత్రి అడిగాడు. నలభైనీ పడమటి మెట్ల మీద, ఎండలో కాలుతున్న రాళ్ళ మీద పారబోశారు. కొంగలు వాలాయి. చేపలమనిషిని ఇద్దరు భటులు భుజాలు పట్టుకుని నిలబెట్టి ఉంచారు. చూడాలన్నది రాజు కోరిక.

సాయంత్రానికి అయిదు చేపలు మిగిలాయి.

సభ కూడింది. నూరు దీపాల వెలుగులో అయిదు చేపలూ తలపాగాల రంగుల్లో మెరిశాయి. చప్పట్లు మోగాయి. ఊదారంగు చేప ఒకటి పక్కకు ఒరిగిపోయి గుండ్రంగా తిరుగుతుంటే, అది నాట్యమని ఎవరో అన్నారు. మళ్ళీ చప్పట్లు మోగాయి. రాయబారి ఆ సాయంత్రం రాలేదు. ప్రయాణం ఉందని కబురు పంపాడు.

రాజు చేపలమనిషి వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళలో నువ్వు చేయలేనిది నా రంగులవాడు ఒక్క పూటలో చేశాడు, ఇప్పుడేమంటావని అడిగాడు.

చేపలమనిషి కండువా తీసి మడతపెట్టి నేల మీద ఉంచాడు.

"చేప తన గుడ్డును తింటుంది, ప్రభూ. అది తన గుడ్డని దానికి తెలియదు. తెలిసి తినే ప్రాణి ఉంటుందని నేను ఇవాళ్టిదాకా అనుకోలేదు."

చప్పట్లు కొట్టిన చేతులు ఒడిలోకి చేరాయి. రాజుకు ఆ మాట సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. ఈ మనిషిని పంపివేయండి, ఒక్క చేపగాని, చేప తోకగాని, రంగున్న వస్తువేదైనాగాని ఇతని వెంట ద్వారం దాటకూడదన్నాడు. తాను తెచ్చుకున్న నూలుకుచ్చును తీసుకుపోవడానికి చేపలమనిషి అనుమతి అడిగాడు. రాజు చెయ్యి విదిలించాడు. తడినూలుకు కూడా తన అనుమతి అడగవలసినంత స్థితికి అతడు దిగాడని సభలో కొందరు సంతోషించారు.

సభ లోపల వెనుకవైపు, తూర్పు వాకిలికి తాపీపనివారు ఇటుకలు పేర్చి వెళ్ళారు. సున్నం ఇంకా పచ్చిగా ఉంది. ఆ గోడకు ఆనుకుని ఊడ్చే మనిషి కూర్చుని ఉంది. బాల్చీ ఆమె మోకాళ్ళ మధ్య ఉంది, దాని మీద ఆమె చీరకొంగు కప్పి ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఆ బాల్చీని వదిలి పోలేదు. నేల కడగలేదని ఇద్దరు వచ్చి తిట్టిపోయారట.

ఆమె కుచ్చును తీసి అతని చేతిలో పెట్టింది.

పెద్దద్వారం దగ్గర కావలివాడు అతణ్ణి ఆపాడు. తలగుడ్డ విప్పించి దులిపాడు. మంచినీళ్ళ చెంబును రాళ్ళ మీద బోర్లించి, పారిన నీటిని కాలితో కెలికి చూశాడు. గోళ్ళకింద రంగేమైనా ఉందేమోనని వేళ్ళు చాపించాడు. ఆఖరున కుచ్చు దగ్గరికి వచ్చాడు.

"ఇదేమిటి, తాతా?"

"నూలు."

"తడిసిందేం?"

"నీళ్ళలో ఉండేది, నాయనా."

కావలివాడు దానిని దివిటీ దగ్గరికి పట్టుకెళ్ళి అటూఇటూ తిప్పాడు. పాత ఆకుపచ్చ నూలు, వెలిసిపోయినది. ఇందులో నీళ్ళు దాచి నీళ్ళలో చేపను దాచావేమోనని నవ్వాడు. రెండు చేతులా పట్టుకుని పిండాడు. నీళ్ళు ధారగా కారాయి. ఇంకొక మెలి తిప్పి పిండాడు. కండ తిరిగిన చేతులవి, చాకలిబండ మీద దుప్పట్లు పిండగలవు. మూడోసారి పిండితే రెండు చుక్కలు రాలాయి.

చేపలమనిషి ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. భటులు భుజాలు పట్టుకున్నప్పుడు కూడా అతని ముఖం అలా లేదు. వద్దని అనలేదు. అంటే ఏమవుతుందో అతనికి తెలుసు.

"ఇంటికెళ్ళి కుండలు తోముకో" అంటూ కావలివాడు కుచ్చును అతని మీదికి విసిరాడు.

అతడు దానిని గాలిలోనే పట్టుకుని, ఒంగి నమస్కరించి, మెట్లు దిగాడు.

ఇంట్లో తొట్టెలు లేవు. తొట్టెలున్నచోట నేల మీద చదరపు మరకలు మాత్రమే ఉన్నాయి. భార్య అతని ముఖం చూసింది, చేతిలోని నూలు చూసింది. బియ్యం కడిగే వెడల్పు గిన్నెను తోమి, బావినీళ్ళు నింపి, తూర్పు కిటికీలో పెట్టింది. అతడు కుచ్చును అందులోకి దించి పోగులు విప్పాడు. ఏరడానికి చూడలేదు. వెలుగుకు పట్టి చూడలేదు. ఎన్ని నలిగాయో లెక్కపెట్టే ధైర్యం అతనికి లేదు. మూలకు వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మరునాటి నుంచి రోజూ అక్కడే కూర్చున్నాడు.

ఆమె మాత్రం పాచికుండ మూత తీసి, కొత్తగా నాలుగు ఆకులు వేసి, ఎండలోకి జరిపింది.

"ఎందుకది?" అన్నాడు అతడు.

"కంపు లేకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నది ఆమె.

సభలోని అయిదు చేపలూ ఆ వారంలోనే ఒకదాని తర్వాత ఒకటి తేలాయి. వాటి స్థానంలో కాలువ చేపలను తెచ్చి రంగు ఎక్కించారు. అవి పోతే ఇంకొన్ని తెచ్చారు. కాలువలో చేపలకు కొదవ లేదు. హరివిల్లు చేప ప్రభువు పాలనలోనే తన నిజమైన రంగులు చూపిందని వీధివీధినా దండోరా వేశారు. చేపలమనిషి ఉన్న వీధిలోకి దండోరా వచ్చినప్పుడు డప్పు మరికాస్త గట్టిగా మోగింది. రంగులవాడికి కొత్త కండువా కప్పారు. ఆ రంగు అతడే అద్దుకున్నాడు.

పదకొండో ఉదయం ఊడ్చే మనిషి చీపురు చంకన పెట్టుకుని ఆ వీధిన వచ్చింది. తూర్పు వాకిలి మూసినప్పటి నుంచి ఆమె ఇటుగా తిరిగి వెళుతోంది. కిటికీ దగ్గర ఆగింది. గిన్నె మీద చేపలమనిషి భార్య వంగి ఉంది. చెంచా ఆమె చేతిలో, నీటికి అంగుళం ఎత్తున, కదలకుండా ఉంది. మొదటి ఎండ గిన్నె అంచును తాకుతోంది.

"ఏమండీ, ఇటు రండి" అన్నది భార్య, తల ఎత్తకుండానే.

చేపలమనిషి మూలనుంచి లేచి వచ్చాడు. వంగాడు. ముక్కూ గడ్డమూ నీటిని తాకేంత దగ్గరగా వంగి అలాగే ఉండిపోయాడు. భార్య చెంచాను ఒంచింది. పచ్చని నీరు ఒక్కొక్క చుక్కే జారింది.

ఊడ్చే మనిషి కూడా కిటికీలోంచి తల దూర్చి చాలాసేపు చూసింది.

"రంగేదయ్యా?"

"ఇంకా రాలేదు."

"ఎన్నాళ్ళకొస్తుంది?"

"ఏడాదికి."

ఆమె ఆలోచించింది. తూర్పు వాకిలి మూసేశారు కదా, ఇప్పుడు సభలోకి ఎటునుంచి పోతున్నావని చేపలమనిషి భార్య అడిగింది. ఊడ్చేదానికి వాళ్ళు ఎక్కడో ఒకచోట వాకిలి వదలక తప్పదని ఆమె జవాబు చెప్పింది. చీపురును ఒక చంకలోంచి ఇంకొక చంకలోకి మార్చుకుంది.

"సరే. ఊడ్చే వేళకు వస్తూంటాను" అని, రాజభవనం వైపు నడిచింది.